సంఘం కట్టే అద్దె ఇళ్లు: సోలాపూర్ చెప్పే పాఠం, మనం వేసుకోవాల్సిన లెక్క

బళ్లారి, హోసూరు, బరంపురం, సోలాపూర్, యానాం. ఊరు ఏదైనా మన తెలుగు వీధుల్లో ఒక సంగతి మాత్రం ఒకేలా ఉంటుంది. తాతల కాలంలో వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో కొందరికి సొంత ఇళ్లున్నాయి. మూడు తరాలు గడిచినా అద్దె గదుల్లోనే ఉన్నవాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు. మన సంఘాలు కూడినప్పుడు కల్యాణ మండపం గురించి, గుడి గోపురం గురించి, తెలుగు బడి గురించి మాట్లాడుకుంటాం. అద్దెకుండేవాళ్ల గురించి మాట్లాడుకునేది తక్కువ. లాభం చూసుకోకుండా ఒక సంఘమే ఇళ్లు కట్టి తక్కువ అద్దెకు ఇవ్వడం కుదిరే పనేనా? కుదిరితే ఎలా? ఈ వ్యాసంలో చూద్దాం.

సోలాపూర్‌లో ఏం జరిగింది?

ముందు మనవాళ్ల ఊరి కథే తీసుకుందాం. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి, మిల్లు పనికి సోలాపూర్ వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మగవాళ్లు పవర్‌లూమ్‌ల మీద పనిచేస్తే, ఆడవాళ్లు బీడీలు చుట్టారు. తునికాకు, పొగాకు ఇంటికి తెచ్చుకుని, చుట్టిన కట్టలు తిరిగి అప్పజెప్పే పని అది. అంటే వాళ్లకు ఇల్లే కార్ఖానా. ఒకే గదిలో వంట, పిల్లల నిద్ర, పొగాకు బుట్ట. ఆ గదికి అద్దె. యజమాని ఖాళీ చేయమంటే ఇంటితోపాటు పనిచోటు కూడా పోయినట్టే.

సిఐటియు నాయకుడు, మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడం నాయకత్వంలో బీడీ కార్మిక మహిళలు ఒక సహకార గృహనిర్మాణ సంఘం పెట్టుకున్నారు. దానికి గోదుతాయి పరులేకర్ పేరు పెట్టారు. ఏళ్ల తరబడి అర్జీలు, ధర్నాలు జరిగాయి. చివరకు సోలాపూర్ శివార్లలో, అక్కల్‌కోట్ దారిలో ఉన్న కుంభారి దగ్గర 10,000 ఇళ్లు లేచాయి. 2006 సెప్టెంబరులో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని కార్మికులకు అప్పగించారు. ఒక్కో ఇంటి ఖర్చులో కేంద్రం రూ. 20,000, రాష్ట్రం రూ. 20,000 ఇస్తే, మిగిలిన రూ. 20,000 కార్మికురాలి వాటా.

ఆ బాటలోనే రేనగర్ వచ్చింది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద 30,000 ఇళ్లకు 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ మొదటి 15,000 ఇళ్లను అప్పగించారు. చేనేత, పవర్‌లూమ్, బీడీ కార్మికులు, చెత్త ఏరుకునేవాళ్లు, డ్రైవర్లు అందులో లబ్ధిదారులు.

ఈ రెండు కాలనీలూ కట్టింది లాభం కోసం వచ్చిన బిల్డరు కాదు. ఇల్లు అవసరమైనవాళ్లే సంఘంగా ఏర్పడి, భూమి చూసుకుని, ప్రభుత్వాల సొమ్ము రాబట్టి కట్టించుకున్నారు.

సొంతిల్లు అందరి సమస్యనూ తీర్చదు

అయితే సోలాపూర్ ఇళ్లు సొంత ఇళ్లు. వాటా కట్టగలిగినవాళ్లకు, అదే ఊళ్లో స్థిరంగా ఉండేవాళ్లకు అవి వరమే. కానీ భర్త పోయి చిన్న పిల్లలతో మిగిలిన ఆవిడకు, పని వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడికి, వేరు కాపురం పెట్టిన కొత్త జంటకు, పిల్లలు దూరమైన ముసలి దంపతులకు ముందుగా కావాల్సింది భరించగల అద్దె ఇల్లు. పైగా సొంతిల్లు ఒకసారి చేతికి ఇస్తే అది ఆ కుటుంబానిదే. సంఘం చేతిలో ఉన్న అద్దె ఇల్లు అలా కాదు. ఒక కుటుంబం నిలదొక్కుకుని వెళ్లిపోతే ఇంకో కుటుంబానికి పనికొస్తుంది.

అద్దె తక్కువ ఎలా అవుతుంది?

ఒక ఊహా లెక్క వేద్దాం. సంఘానికి ముందే స్థలం ఉందనుకుందాం. 12 చిన్న పోర్షన్లు, ఒక్కోదానికి రూ. 6 లక్షల ఖర్చు, మొత్తం రూ. 72 లక్షలు. అంతా 9 శాతం వడ్డీకి, 15 ఏళ్ల అప్పుగా తెస్తే ఒక్కో పోర్షన్ మీద నెలకు సుమారు రూ. 6,090 కంతు పడుతుంది. నిర్వహణ, పన్ను, నీటి మోటారు కరెంటు, మరమ్మతుల నిధి, ఖాళీగా ఉన్న నెలల నష్టం కలిపి ఇంకో రూ. 1,250 అనుకుంటే, అద్దె రూ. 7,300 దాటుతుంది. చిన్న ఊళ్లో కూలి కుటుంబానికి అది భారమే.

ఇప్పుడు సగం సొమ్ము విరాళాలుగా, ప్రభుత్వ సాయంగా వచ్చిందనుకుందాం. అప్పు రూ. 36 లక్షలకు దిగుతుంది, కంతు రూ. 3,045 అవుతుంది, అద్దె రూ. 4,300 దగ్గర ఆగుతుంది. అంటే అద్దెను తగ్గించేవి రెండు: కొనక్కర్లేని స్థలం, తిరిగి కట్టక్కర్లేని సొమ్ము. సంఘం మంచితనం ఒక్కటే సరిపోదు. 15 ఏళ్ల తర్వాత అప్పు తీరిపోయాక వచ్చే అద్దె ఎవరి జేబులోకీ పోదు. దానితో ఇంకో నాలుగు పోర్షన్లు కట్టుకోవచ్చు. ప్రైవేటు యజమానికీ సంఘానికీ ఉన్న అసలు తేడా ఇదే.

కాగితాలు ముందు, ఇటుకలు తర్వాత

మన సంఘాలు కొన్ని సొసైటీలుగా, కొన్ని ట్రస్టులుగా నమోదై ఉన్నాయి. కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీ పెట్టే వీలు కూడా ఉంది. ఏ రూపమైనా మూడు విషయాలు చూసుకోవాలి. ఒకటి, నియమావళిలోని ఆశయాల్లో గృహవసతి ఉందా? లేకపోతే సవరించాలి. రెండు, స్థలం సంఘం పేరున ఉందా, ఎప్పుడో పోయిన పెద్దాయన పేరున ఉందా? మూడు, ఆ స్థలాన్ని దాత ఏ పని కోసం ఇచ్చారు? మహారాష్ట్రలో పబ్లిక్ ట్రస్టు భూమిని అమ్మాలన్నా, దీర్ఘకాలం లీజుకు ఇవ్వాలన్నా చారిటీ కమిషనర్ అనుమతి కావాలి. ఈ చిక్కులు తేల్చుకోకుండా పునాది తీస్తే కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తుంది.

ప్రభుత్వం వైపు నుంచి 2020లో చవక అద్దె ఇళ్ల సముదాయాల పథకం వచ్చింది. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలోనూ అద్దె ఇళ్లకు విడిగా ఒక విభాగం ఉంది. ఇది పట్టణాలకు వర్తించే పథకం. అందుకని మున్సిపాలిటీలో అడిగి, మన ఊరు దాని పరిధిలో ఉందో లేదో మొదటే తెలుసుకోవాలి.

ఎక్కడ చెడుతుంది?

ఇల్లు కట్టడం కంటే నడపడం కష్టం. కమిటీ మారగానే అధ్యక్షుడి బంధువులకు పోర్షన్లు వెళ్లడం, మనవాడే కదా అని అద్దె బాకీ వదిలేయడం, మరమ్మతుల నిధిని పండగ ఖర్చులకు వాడేయడం. ఈ మూడూ జరిగితే పదేళ్లలో గోడలు నెర్రెలిస్తాయి.

దీనికి మందు రాతకోతలే. ఎవరికి ముందు ఇవ్వాలో రాసి గోడకు అంటించాలి. ఇళ్లు కేటాయించే కమిటీలో అద్దెకుండేవాళ్ల మనిషి ఒకరుండాలి. ప్రతి పోర్షన్‌కూ రాతపూర్వక ఒప్పందం ఉండాలి. 2021 నమూనా అద్దె చట్టం నివాసానికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దంటుంది. మన రాష్ట్రం దాన్ని చట్టం చేసినా చేయకపోయినా సంఘం ఆ హద్దు పాటించవచ్చు. మరమ్మతుల నిధి విడి ఖాతాలో ఉండాలి.

ఇంకో మాట. ప్రభుత్వ సొమ్ముతో కట్టిన ఇళ్లను ఒక కులానికో ఒక భాషకో కట్టిపెట్టుకోలేం. అక్కడ ఆదాయమే కొలత. పక్కింటి కన్నడ కుటుంబమో, ఒడియా కుటుంబమో వచ్చి చేరితే మనకు వచ్చిన నష్టం లేదు. ఇన్నాళ్లూ వాళ్ల మధ్యే కదా మనం బతికింది.

మనం చేయగల మొదటి పని

వచ్చే సర్వసభ్య సమావేశానికి ముందు మన వీధుల్లో ఎన్ని కుటుంబాలు అద్దెకుంటున్నాయో, ఎంత కడుతున్నాయో, ఎన్నిసార్లు ఇల్లు మారాయో ఒక నోటుబుక్కులో రాసుకుందాం. సంఘం స్థలాల పత్రాలు బయటికి తీసి ఒక వకీలుకు చూపిద్దాం. ఈ రెంటికీ పెద్ద ఖర్చేమీ లేదు. కల్యాణ మండపం ఏడాదిలో ముహూర్తాలున్న రోజుల్లోనే నిండుతుంది. అద్దె పోర్షన్‌లో రోజూ పొయ్యి వెలుగుతుంది. రెండూ కావాల్సినవే. ఏది ముందు అన్నది ఆ నోటుబుక్కు చూశాక తేల్చుకుందాం.