క్రెడిట్ కార్డు - ఒక మెట్టు దిగితే

ప్రతి యేడూ సావనీరుకి వ్యాసం అడిగే యూనియన్ కుర్రవాళ్ళు ఈసారి "మాస్టారూ, ద్రవ్యోల్బణం వద్దండి. మాకు పనికొచ్చేదేదైనా రాయండి" అన్నారు. కాస్త చిన్నబుచ్చుకున్నమాట నిజమే గాని, ఆలోచిస్తే న్యాయమైన కోరికే అనిపించింది. అంచేత ఈ యేడు ద్రవ్యోల్బణానికి సెలవిచ్చి, మన జేబులో వుండే ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క గురించి రాస్తున్నాను.

సంక్రాంతి సెలవులకి వచ్చిన మా పాత విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. హైదరాబాదులో ఉద్యోగం, చేరి మూడేళ్ళయింది. కాఫీ తాగడం పూర్తి కాకుండానే ఫోను తీసి ఒక బిల్లు చూపించాడు. క్రెడిట్ కార్డు ఏడాది ఫీజు 5,000 రూపాయలు, దానిమీద నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. 900, వెరసి 5,900.

"నేనేమీ కొనలేదండీ. ఊరికే వచ్చిపడింది. ఈ కార్డు ఇవాళే రద్దు చేసి పారేస్తాను" అన్నాడు.

"ఆగు నాయనా, ఆ పని నేనోసారి చేసి చేతులు కాల్చుకున్నాను" అన్నాను. ఆ రోజు వాడికి చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ఫీజు ఎందుకు, పాయింట్లు ఎక్కడివి?

అప్పుమీద సరుకు తెచ్చుకోవడం మనకి కొత్తేమీ కాదు. వీధి చివర కిరాణా కొట్లో ఖాతా పుస్తకం మన తాతల నాటిదే. దానికి ప్లాస్టిక్ రూపం 1950లో న్యూయార్కులో పుట్టిన డైనర్స్ క్లబ్బుతో మొదలయిందనవచ్చు, అయితే తొలి డైనర్స్ కార్డు అట్టముక్కే. మన తెలుగువాళ్ళ ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ప్రవేశపెట్టింది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయిందనుకోండి, అది వేరే కథ. ఆ రోజుల్లో కార్డు వుండటమే గొప్ప. ఇవాళ కార్డు అందరి దగ్గరా వుంది కాబట్టి, గొప్ప అంతా 'ఏ కార్డు' అన్నదాంట్లోకి మారింది. ఒకే బ్యాంకు నాలుగైదు మెట్లుగా కార్డులు అమ్ముతుంది. పై మెట్టుకి వెళ్ళేకొద్దీ ఫీజూ పెరుగుతుంది, పాయింట్లూ పెరుగుతాయి.

ఈ పాయింట్లు బ్యాంకు దానధర్మాలు కావు. మీరు కార్డు గీసినప్పుడు దుకాణదారుకి మొత్తం డబ్బు చేరదు. అందులో కొంత కమిషను బ్యాంకులు, కార్డు కంపెనీ పంచుకుంటాయి. అందులోంచి పిసరంత మీకు పాయింట్ల రూపంలో తిరిగొస్తుంది. మిగతాది బ్యాంకు రెండు చోట్ల రాబట్టుకుంటుంది: గడువులో పూర్తిగా కట్టనివాళ్ళ వడ్డీ, పై మెట్టు కార్డువాళ్ళ ఏడాది ఫీజు. కార్డు వాడకంలో వచ్చే లాభనష్టాలన్నీ ఈ మూడు ముక్కల్లోనే వున్నాయి.

కాగితం మీద లెక్క

పై మెట్టు కార్డు మంచిదా, కింది మెట్టుదా అని నన్నడిగితే, మీ ఖర్చెంతో చెప్పండి, అప్పుడు చెబుతానంటాను. మా కుర్రవాడి లెక్కే చూడండి. వాడి కార్డు ఫీజు పన్నుతో 5,900. నూరు రూపాయల ఖర్చుకి సుమారు రెండు రూపాయల విలువ చేసే పాయింట్లు ఇస్తుంది. అదే బ్యాంకులో కింది మెట్టు కార్డు ఫీజు 500, పన్నుతో 590. నూటికి రూపాయి ఇస్తుంది. ఫీజుల తేడా 5,310 రూపాయలు. రాబడి తేడా నూటికి ఒక్క రూపాయి. అంటే ఆ తేడా ఫీజు గిట్టుబాటు కావాలంటే ఏడాదికి 5,31,000 రూపాయలు, నెలకి 44,250 రూపాయలు ఈ కార్డుమీదే ఖర్చు పెట్టాలి. మావాడు పెట్టేది నెలకి పద్దెనిమిది వేలు!

"మరి విమానాశ్రయంలో లౌంజి వుందిగదండీ?" అన్నాడు. ఏడాదిలో ఎన్నిసార్లు వెళ్ళావురా అంటే, ఒక్కసారి. ఆ ఒక్కసారి తిన్న ఇడ్లీ, తాగిన కాఫీ ఖరీదెంతో వాడే లెక్కేసుకుని నవ్వేశాడు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. పాయింటు అంటే రూపాయి కాదు. ఒకే పాయింటు విమానం టిక్కెట్టుకి మార్చుకుంటే ఒక విలువ, బహుమతి వస్తువుకి మార్చుకుంటే అందులో సగమో పావో. మీరు నిజంగా ఎలా వాడుతున్నారో ఆ విలువే లెక్కలో వెయ్యాలి, ప్రకటనలో వున్నది కాదు. రెండోది, 'ఏడాదికి ఇన్ని లక్షలు ఖర్చు పెడితే ఫీజు మాఫీ' అనే మెలిక. ఎలాగూ పెట్టే ఖర్చుతో ఆ గీత దాటితే మంచిదే. 5,900 మిగుల్చుకోవడానికి అక్కర్లేని అరవై వేల సరుకు కొంటే మాత్రం అది పొదుపు అనిపించుకోదు.

రద్దు చెయ్యడం ఎందుకు తొందరపాటు?

ఇప్పుడు నా చేతులు కాలిన సంగతి. కొన్నేళ్ళ కిందట నాకూ ఇలాంటి పెద్ద కార్డే వుండేది. రెండేళ్ళపాటు ఫీజు దండగని తెలిసీ కట్టాను. ఎందుకంటే కింది కార్డు అడగడం నామోషీ! స్టాఫ్ రూములో నలుగురం టీ తాగి బిల్లు కట్టేటప్పుడు ఆ నల్ల కార్డు బయటికి తీస్తే వుండే దర్జాయే వేరు. మూడో ఏడు బిల్లు చూసి ఒళ్ళు మండి, ఫోను చేసి కార్డు మూయించేశాను. ఖాతాలో పదకొండు వేల పాయింట్లున్నాయి. పాయింటు పావలా వేసుకున్నా 2,750 రూపాయలు. మూసిన రోజుతోనే అవీ పోయాయి.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఆ కార్డు పరిమితి రెండు లక్షలు. మిగిలిన రెండో కార్డు పరిమితి యాభై వేలు. నా ఖర్చు నెలకి ముప్ఫై వేలు. రెండు కార్డులున్నప్పుడు రెండున్నర లక్షల పరిమితిలో నేను వాడుకున్నది నూటికి 12. ఒకటి మూసేశాక, అదే ఖర్చు యాభై వేలలో నూటికి 60 అయింది. నేనొక్క రూపాయి ఎక్కువ ఖర్చు పెట్టలేదు. అయినా సిబిల్ వంటి సంస్థల కంటికి నేను పీకల్దాకా అప్పు వాడుకునే మనిషిలా కనిపించాను. 300 నుంచి 900 దాకా వుండే ఆ స్కోరులో చెల్లింపుల క్రమశిక్షణ తర్వాత ముఖ్యంగా చూసే వాటిలో ఇదొకటి. ఖాతాల వయస్సు మరొకటి.

కొద్ది నెలలకి ఇంటి అప్పుకి వెళితే, స్కోరు ఒక మెట్టు తగ్గిందని పావు శాతం వడ్డీ ఎక్కువ వేశారు. దానికి ఇదొక్కటే కారణమని నేను ప్రమాణం చెయ్యలేను గాని, అప్పుల విభాగం ఆఫీసరు వేలు పెట్టి చూపించింది మాత్రం దీన్నే. ఇరవై లక్షలమీద పావు శాతమంటే మొదటి ఏడాదికి దగ్గర దగ్గర అయిదు వేలు. 5,900 ఫీజు తప్పించుకున్నాననుకుని ఏటేటా వడ్డీ కట్టుకున్నాను. అర్థశాస్త్రం చెప్పే మాస్టారి అర్థశాస్త్రం అలా వుంది!

మూడో దారి

ఫీజు కట్టడం ఒక దారి, రద్దు చెయ్యడం ఒక దారి. ఈ రెంటికీ మధ్య మూడోది వుంది. అదే బ్యాంకులో తక్కువ ఫీజు కార్డుకి మార్చమని అడగడం. బ్యాంకువాళ్ళు దీన్ని డౌన్‌గ్రేడ్ అంటారు. ఖాతా అలాగే వుంటుంది, దానిమీది కార్డు రకం మాత్రం మారుతుంది. అన్ని బ్యాంకులూ, అన్ని కార్డులకీ ఇది ఒప్పుకోవు. ఫలానా విమాన సంస్థతోనో, దుకాణాల సంస్థతోనో కలిసి ఇచ్చిన కార్డుని మామూలు కార్డుగా మార్చడం కష్టం. కొన్నిచోట్ల మార్పు అనే పేరుతో పాత ఖాతా మూసి కొత్తది తెరుస్తారు. అది నిజానికి రద్దూ, కొత్త దరఖాస్తూను. అంచేత మొదట అడగవలసిన ప్రశ్న: "ఖాతా అదే వుంటుందా, కొత్తదా?"

ఫోను చేసే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

ఒకటి, ఫీజు మాఫీ చేస్తారా? ముందు ఇదే అడగాలి. ఖాతాదారుని పోగొట్టుకోవడం బ్యాంకుకి ఇష్టముండదు, ఒక్కోసారి ఒప్పుకుంటారు.

రెండు, నా పాయింట్లు కొత్త కార్డుకి వస్తాయా, అదే విలువకి వస్తాయా? అనుమానంగా చెబితే మార్పుకి ముందే వాడేసుకోండి.

మూడు, పరిమితి తగ్గుతుందా? తగ్గితే నా కథ గుర్తుంచుకోండి.

నాలుగు, కార్డు నంబరు మారుతుందా? మారితే కరెంటు బిల్లు, బీమా ప్రీమియం వంటివి పాత నంబరుమీద ఆటోమేటిక్‌గా కట్టేవి ఆగిపోతాయి. ఇంట్లోవాళ్ళకి ఇచ్చిన అదనపు కార్డు సంగతీ అడగండి.

అయిదు, వాయిదాల మీద కొన్న వస్తువు వుంటే ఆ వాయిదాలు అలాగే నడుస్తాయా?

ఆరు, కొత్తగా చేరినవాళ్ళకిచ్చే బహుమతి పాయింట్లు నాకు వస్తాయా? మామూలుగా రావు. అవి కొత్త ఖాతాలకే.

ఇదంతా ఫీజు పడే నెలకి కనీసం నెలన్నర ముందు చెయ్యాలి. ఫీజు పడ్డాక వెనక్కి ఇస్తారో లేదో వాళ్ళ దయ. ఒప్పుకున్న సంగతి ఈమెయిలులో రాయించుకోండి.

మన పక్షాన వున్న నిబంధనలు

రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21న కార్డులమీద ఆదేశాలు వెలువరించింది. ఆ ఏడు జూలై 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం మనం అడక్కుండా కార్డు ఇవ్వకూడదు, వున్న కార్డుని పై మెట్టుకి మార్చకూడదు. స్పష్టమైన అంగీకారం లేకుండా మార్చి బిల్లు పంపితే, ఆ మొత్తం రద్దు చెయ్యడమే కాక దానికి రెట్టింపు సొమ్ము మనకి కట్టాలి. ఛార్జీలు పెంచదలిస్తే కనీసం నెల ముందు తెలపాలి. ఆ పెంపు నచ్చక కార్డు వదులుకుంటే మూసినందుకు అదనపు రుసుము వెయ్యకూడదు. బాకీ ఏమీ లేకుండా కార్డు మూయమంటే ఏడు పనిదినాల్లో మూయాలి. లేదంటే రోజుకి 500 రూపాయల చొప్పున మనకే చెల్లించాలి. ఫిర్యాదుకి నెలరోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు.

ఇది విని మావాడి మొహం వెలిగింది. "అయితే నాకు రెట్టింపు ఇవ్వాలండీ!" అన్నాడు. ఏడాది కిందట ఏం జరిగిందిరా అని గుచ్చి గుచ్చి అడిగితే, ఒక అమ్మాయి ఫోను చేసి "సార్, మీ కార్డు ఉచితంగా పెద్దది చేస్తున్నాం సార్, మొదటి ఏడు ఫీజు లేదు సార్" అందట. వీడు బస్సులో నిలబడి "సరే" అన్నాడట. తర్వాత వచ్చిన అంకెలు కూడా చెప్పాడట. అంగీకారమంటే మరి అదే! రెండో ఏటికి ఆ 'సరే' ఖరీదు 5,900 రూపాయలయింది.

అమెరికాలోని మనవాళ్ళకి

పై చదువులకి వెళ్ళిన మన పూర్వ విద్యార్థులు కూడా ఈ సావనీరు చదువుతారు గనక నాలుగు మాటలు. చేజ్ బ్యాంకువారి సఫైర్ రిజర్వ్ కార్డు 2016లో 450 డాలర్ల ఏడాది ఫీజుతో వచ్చింది. 2025లో అది 795 డాలర్లయింది. అక్కడ మెట్టు దిగడం అందరూ చేసే పనే. అయితే 2009 నాటి కార్డు చట్టం ఖాతా తెరిచిన మొదటి ఏడాదిలో ఫీజు పెంచడాన్ని నిషేధించింది కాబట్టి, బ్యాంకులు మామూలుగా ఏడాది నిండేదాకా కార్డు రకం మార్చవు. సఫైర్ పాయింట్లని విమాన సంస్థల ఖాతాలకి పంపుకోవచ్చు. ఫీజు లేని ఫ్రీడమ్ కార్డు ఒక్కటే చేతిలో వుంటే ఆ వీలు లేదు. పంపదలచినవి ముందే పంపుకోవాలి. అక్కడి ఫైకో స్కోరులో ఖాతాల వయస్సుకి నూటికి 15 పాళ్ళు, బాకీల భారానికి 30 పాళ్ళు. కొత్తగా వెళ్ళినవాళ్ళకి మొదటి కార్డే పునాది, దాన్ని మూయకండి.

చివరి మాట

ఈ లెక్కలన్నీ ప్రతి నెలా బిల్లు పూర్తిగా కట్టేవాళ్ళకే. 'కనీస మొత్తం' కట్టి ఊపిరి పీల్చుకునేవాళ్ళకి ఏ మెట్టు కార్డైనా నష్టమే. నెలకి మూడున్నర శాతం వడ్డీ అంటే పదివేల బాకీకి నెలకి 350 రూపాయలు, ఏడాదికి 4,200. నూటికి రెండు రూపాయల పాయింట్లు దాని ముందు ఏపాటి? ముందు బాకీ తీర్చాలి, తర్వాతే పాయింట్ల మాట. అలాగే నెలకి నాలుగుసార్లు విమానమెక్కి, ప్రతి సదుపాయమూ వాడుకునేవాళ్ళకి పెద్ద కార్డే గిట్టుబాటు కావచ్చు. వాళ్ళని దిగమని నేననను.

మావాడు ఆ వారమే ఫోను చేశాడు. ఫీజు పడి మూడు నెలలు దాటిందని వెనక్కి ఇవ్వలేదు. కార్డు మాత్రం మారింది, ఖాతా అదే, పరిమితి అదే. వచ్చే ఏడు కట్టవలసింది 590. "ఆఫీసులో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలండీ?" అన్నాడు కాస్త బిడియంగా.

"నెలకి 44,250 ఖర్చు పెట్టేంతవాణ్ణి కాదని చెప్పు" అన్నాను. "వాళ్ళలో ఎంతమంది అంతవాళ్ళో ఇంటికెళ్ళి లెక్క చూసుకుంటారు."

విద్యార్థి మిత్రులారా! రేపు మీకు ఉద్యోగం వచ్చిన నెలలోనే ఆ ఫోను వస్తుంది. 'ఉచితం' అన్న మాట వినబడగానే "రెండో ఏటికి ఎంత?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న నేర్పగలిగితే ఈ యేడు ద్రవ్యోల్బణం గురించి రాయనందుకు నాకు విచారం లేదు.