రెండు మూతల ఆయిల్

ఆగస్టు నెలలో ఒక మధ్యాహ్నం నర్సంపేట రోడ్డు మీద ఓ మెకానిక్ షెడ్డులో కూర్చున్నాను. ఒక రైతు పెట్రోలుతో నడిచే తైవాన్ స్ప్రేయర్‌ను భుజానికి తగిలించుకుని వచ్చాడు. పత్తికి మందు కొడుతుంటే నడుమ ఆగిపోయిందట. ఆ తర్వాత ఎంత గుంజినా స్టార్టు తాడు కదలడం లేదు. మెకానిక్ సైలెన్సర్ విప్పి, లోపలికి టార్చి కొట్టి చూశాడు. నన్నూ చూడమన్నాడు. నున్నగా మెరవాల్సిన పిస్టన్ పక్క భాగం మీద నిలువునా గీతలున్నాయి, పిల్లి గోళ్లతో రక్కినట్టు. కొన్నిచోట్ల పిస్టన్ లోహం కరిగి బోరు (సిలిండర్) గోడకు అతుక్కుంది.

"ఆయిల్ కలిపినవా అన్నా?" అడిగాడు మెకానిక్.

"కలిపిన. లీటరుకు రెండు మూతలు."

"ఏ మూత?"

రైతు కాసేపు ఆలోచించి, "మందు డబ్బ మూత" అన్నాడు.

పురుగుమందు డబ్బాల మూతలు అన్నీ ఒక్క తీరుగా ఉండవు. ఒకదాంట్లో 5 మిల్లీలీటర్లు పడితే ఇంకోదాంట్లో 20 పడుతుంది. ఆ రైతు అబద్ధం చెప్పలేదు, నిర్లక్ష్యమూ చేయలేదు. ఆయనకు కొలత ఎవరూ చెప్పలేదు, అంతే. వరంగల్ చుట్టుపక్కల పత్తి, మిర్చి చేలల్లో తిరిగే పవర్ స్ప్రేయర్లు, గట్ల మీద గడ్డి కోసే బ్రష్ కట్టర్లు, చెట్లు కోసే రంపం మిషన్లు చాలావరకు టూ స్ట్రోక్ ఇంజన్ల మీదే నడుస్తాయి. వాటి ప్రాణం ఆ కొలతలో ఉంది.

బైకులో ఉండే ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌కు అడుగున ఆయిల్ నిలవ ఉంటుంది. అది లోపలే తిరుగుతూ అన్ని భాగాలనూ తడుపుతుంది. టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఆ ఏర్పాటు లేదు. క్రాంక్ తిరిగే గదిలోకే పెట్రోలు, గాలి కలిసి వస్తాయి. పిస్టన్ కిందికి దిగినప్పుడు ఆ గదిలోని మిశ్రమం ఒత్తిడికి లోనై, పక్కనున్న దారిలోంచి పైకి వెళ్లి మండుతుంది. ఇంగ్లండ్‌లో జోసెఫ్ డే అనే ఇంజనీరు 1890 ప్రాంతంలో రూపొందించిన పద్ధతి ఇది. వాల్వులు లేవు, ఆయిల్ గది లేదు, అందుకే ఇంజన్ తేలిక. వీపున మోసినా, తలకిందులు చేసినా, పక్కకు వంచినా నడుస్తుంది. చేలో పనిచేసే మనిషికి ఇంతకంటే కావాల్సిందేముంది!

ఆ తేలికదనానికి ఒక షరతుంది. పెట్రోలు వచ్చే దారిలోనే ఆయిల్ కూడా రావాలి. క్రాంక్ గది వేడికి పెట్రోలు ఆవిరవుతుంది, ఆయిల్ సన్నని తుంపరగా మిగిలి బేరింగులకు, కనెక్టింగ్ రాడ్డుకు, పిస్టన్‌కు పొరలా పట్టుకుంటుంది. ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతోందంటే పిస్టన్ సెకనుకు 100 సార్లు పైకీ కిందికీ పోతోందన్నమాట, లోపల సెకనుకు 100 సార్లు మంట లేస్తోందన్నమాట. బోరుకు బయటి నుంచి గాలి తగులుతుంది, పిస్టన్‌కు ఆ అవకాశం లేదు. అది వేడెక్కి సాగుతుంది. మధ్యలో ఆయిల్ పొర తెగితే లోహాన్ని లోహం ఒరుసుకుంటుంది. మన మెకానిక్కులు 'పట్టేసింది' అనేది దీన్నే.

ఒకప్పుడు ఈ సంగతి ఊరందరికీ తెలుసు. లూనా, టీవీఎస్ 50, చేతక్ నడిపిన తరం బంకుకు వెళ్తే పెట్రోలు పోసే కుర్రాడు "ఆయిల్ ఎంత?" అని అడిగేవాడు. బంకు పక్కనే టూ టీ (టూ స్ట్రోక్) ఆయిల్ చేతిపంపు ఉండేది. ఆ బండ్లు పోయాయి. 2015లో వచ్చిన టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 కూడా ఫోర్ స్ట్రోకే. రోడ్డు మీద టూ స్ట్రోక్ బండి కనుమరుగైన కాలంలోనే చేలోకి టూ స్ట్రోక్ మిషన్ వచ్చింది. తండ్రికి తెలిసిన కొలత కొడుక్కి అవసరం పడేసరికి చెప్పేవాళ్లు లేరు. ఈ షెడ్డుకు వచ్చే మిషన్లలో ఎన్నో ఆ ఖాళీలో పడి చెడినవేనని నా నమ్మకం.

లెక్క కష్టమైనదేం కాదు. మిషన్‌తో వచ్చిన పుస్తకంలోనో, ట్యాంకు మూత మీదో 25:1, 40:1, 50:1 అని ఉంటుంది. 25 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్ అని దానర్థం. లీటరుకు చెప్పుకుంటే 25:1 అంటే 40 మిల్లీలీటర్లు, 40:1 అంటే 25, 50:1 అంటే 20. మందుల షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి, సూది లేకుండా, ఇందుకు చక్కగా పనికొస్తుంది. గీతలున్న దగ్గు మందు మూత అయినా సరే, తర్వాత దాన్ని మళ్లీ మందుకు వాడకపోతే చాలు.

ఏ ఆయిల్ అన్నది కూడా ముఖ్యమే. టూ టీ ఆయిల్ పెట్రోలుతో పాటు కాలిపోయేలా తయారైంది. డబ్బా మీద 'జాసో ఎఫ్‌సీ' లేదా 'ఎఫ్‌డీ' అని ఉంటే మంచిది. అది పొగ తక్కువ, మసి తక్కువ అని చెప్పే జపాన్ ప్రమాణం. బైకుకు పోసే ఇంజన్ ఆయిల్‌లో ఉండే రసాయనాలు కాలితే బూడిద మిగులుతుంది, అది ప్లగ్ కొసన గడ్డకడుతుంది. బండిలోంచి తీసిన నల్ల ఆయిల్ గురించి చెప్పే పనే లేదు, అందులో లోహపు రజను ఉంటుంది. "ఎక్కువ పోస్తే మంచిదే కదా" అని లీటరుకు 80, 100 పోసేవాళ్లూ ఉన్నారు. ప్లగ్ తడిసి స్టార్టు కాదు, సైలెన్సర్ మసితో మూసుకుపోతుంది, ఆ పొగంతా మందు కొట్టే మనిషే పీల్చాలి.

కలిపే తీరు: డబ్బాలో సగం పెట్రోలు పోసి, ఆయిల్ మొత్తం వేసి బాగా ఊపాలి. మిగతా సగం పోసి మళ్లీ ఊపాలి. మిషన్ ట్యాంకులోనే నేరుగా ఆయిల్ వేస్తే అది అడుగుకు జారి, ముందు చిక్కటి ఆయిల్, తర్వాత వట్టి పెట్రోలు ఇంజన్‌లోకి పోతాయి. ఒకసారి పూర్తిగా కరిగిన ఆయిల్ మాత్రం దానంతటది విడిపోదు. రెండూ హైడ్రోకార్బన్లే, ఒకే కుటుంబం.

ఆ కుటుంబంలోకి ఇప్పుడు మూడో మనిషి వచ్చాడు. అతనే ఇథనాల్. 2022 నాటికి మన పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలిసింది. 2030కి పెట్టుకున్న 20 శాతం లక్ష్యాన్ని ముందుకు జరిపి, 2025 నాటికే చేరుకున్నారు. బంకులో రాసి ఉండే 'ఈ20' అదే. చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచి దాన్ని తీస్తారు. రైతుకు గిరాకీ, దేశానికి దిగుమతి ఖర్చు ఆదా. ఈ లాభాలను నేను తక్కువ చేసి చూడను. కాని ఇథనాల్‌కు నీళ్లంటే ప్రేమ ఎక్కువ. టూ స్ట్రోక్ మిషన్‌కు అక్కడే చిక్కు.

దీన్ని కళ్లారా చూడొచ్చు. ఆరుబయట, దగ్గర్లో నిప్పు లేకుండా, గీతలున్న పొడుగాటి గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల గీత దాకా నీళ్లు పోసి, పైన 100 మిల్లీలీటర్ల ఈ20 పెట్రోలు పోసి, మూతపెట్టి ఊపి, మెల్లగా మూత వదులు చేసి పక్కన పెట్టండి. కాసేపటికి రెండు పొరలు తేరుకుంటాయి. కింది పొర 10 దగ్గర ఆగదు, దాదాపు 30 దాకా పైకి వస్తుంది. పెట్రోలులోని ఇథనాల్ దాదాపు మొత్తం నీళ్లతో వెళ్లిపోయింది. అదే పెట్రోలులో ముందే టూ టీ ఆయిల్ కలిపి ఉంటే, రంగున్న ఆ ఆయిల్ పై పొరలోనే ఉండిపోతుంది. ఇప్పుడు స్ప్రేయర్ ట్యాంకును తలుచుకోండి. పెట్రోలు పీల్చే గొట్టం కొస ట్యాంకు అడుగునే ఉంటుంది. అక్కడున్నది నీళ్లూ ఇథనాలూ. ఆయిల్ చుక్క లేదు. మీరు కొలిచి 40 మిల్లీలీటర్లు కలిపి ఉండొచ్చు, ఇంజన్‌కు మాత్రం అందదు.

ఇంత జరగడానికి చాలా నీళ్లు అక్కర్లేదు. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు లీటరుకు సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని ఇముడ్చుకుంటుంది, అది దాటితే విడిపోతుంది. ఈ20 ఇంకొంచెం ఓర్చుకుంటుంది. చలి పెరిగితే ఆ ఓపిక తగ్గుతుంది. ఇక మందు కొట్టే చోట నీళ్లకు కొదవా? డ్రమ్ము పక్కనే పెట్రోలు డబ్బా, అదే మగ్గు, అదే గరాటు, పైనుంచి వాన. గరాటు తుడిచి వాడడం, మూత వెంటనే బిగించడం చిన్న పనులే గాని మిషన్‌ను కాపాడేవి అవే. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండడం వల్ల పాత కార్బొరేటర్లలో మిశ్రమం పలచనై ఇంజన్ మరింత వేడెక్కుతుంది, రబ్బరు గొట్టాలూ డయాఫ్రమూ త్వరగా దెబ్బతింటాయి. చాలా కంపెనీల పుస్తకాల్లో 10 శాతం ఇథనాలే హద్దుగా రాసి ఉంది. కొత్త మిషన్ కొనేవాళ్లు "ఈ20కి పనికొస్తుందా?" అని డీలరును అడిగి, బిల్లు మీద రాయించుకోవాలి.

కలిపిన పెట్రోలు నెల రోజుల్లో వాడేయాలి. మిర్చికి చివరి మందు కొట్టి మిషన్‌ను మూలకు పెట్టేది ఫిబ్రవరిలో, మళ్లీ తీసేది పత్తి మొలిచాక. నడుమ ఓరుగల్లు ఎండాకాలం. పెట్రోలులో తేలికైన భాగాలు ఆవిరైపోయి, మిగిలింది జిగురై కార్బొరేటర్ జెట్టులో గడ్డకడుతుంది. సీజన్ అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, మిషన్ దానంతటది ఆగేదాకా నడిపి పెడితే జూన్‌లో షెడ్డుకు రావాల్సిన పని ఉండదు.

ఇక నిప్పు సంగతి. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల కింద కూడా అంటుకునేంత ఆవిరిని ఇస్తుంది. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు, నేల మీద పాకుతుంది. మన రైతులు డబ్బాను ఎక్కడ పెడతారు? బోరు మోటారు గదిలో, స్టార్టర్ డబ్బా కింద. కరెంటు వచ్చినప్పుడల్లా ఆ స్టార్టర్‌లో నిప్పురవ్వ లేస్తుంది. ఇది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. 1934 నాటి పెట్రోలియం చట్టం సొంత వాడకానికి 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోనిస్తుంది. కాని గట్టి మూత ఉన్న గాజు, జాడీ లేదా లోహపు పాత్రల్లోనే ఉంచాలంటుంది: గాజు, జాడీ అయితే లీటరు మించకూడదు, లోహమైతే 25 లీటర్లు. కూల్‌డ్రింకు సీసా ఆ జాబితాలో లేదు. దాహమేసిన పిల్లవాడు ఎత్తి తాగే ప్రమాదం ఆ సీసాతోనే. లోహపు డబ్బా కొనండి, నీడలో, గాలి ఆడే చోట, ఇంటికి దూరంగా పెట్టండి. నిండా పోయకండి, వేడికి పెట్రోలు సాగుతుంది: 5 లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 100 మిల్లీలీటర్లు పెరుగుతుంది. మందు కొడుతూ పెట్రోలు అయిపోతే మిషన్‌ను వీపు మీంచి దించి, సైలెన్సర్ చల్లారాకే పోయండి. ఒలికితే తుడిచి, నాలుగడుగులు పక్కకు తీసుకెళ్లి స్టార్టు చేయండి. వీపున మిషన్ ఉండగా పక్కవాడితో పోయించుకోవడం మాత్రం ఎంత తొందరున్నా వద్దు.

ఆ రోజు రైతు మిషన్‌కు బోరు, పిస్టన్ రెండూ మార్చాల్సి వచ్చింది. మెకానిక్ డబ్బులు తీసుకున్నాక చెరగని మార్కరుతో ట్యాంకు మీద 'లీటరుకు 40' అని పెద్ద అక్షరాలతో రాసిచ్చాడు. మీ మిషన్ పుస్తకం తీసి అందులోని కొలత చూడండి, మీ ట్యాంకు మీదా రాయండి. డబ్బా మీద కలిపిన తేదీ కూడా రాయండి.