జార్జియా ఎర్రమట్టి మరకలు – వినెగర్ చిట్కా ఎందుకు పనిచేయదు?

వసంతం వచ్చి పిల్లలు బేస్‌బాల్, క్రికెట్ గ్రౌండ్ల బాట పట్టగానే అట్లాంటా చుట్టుపక్కల మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: తెల్ల ప్యాంటుకి అంటిన ఎర్రమట్టి ఎలా పోతుంది? జవాబూ దాదాపు ఒకటే. డిటర్జెంట్‌తో పాటు ఓ కప్పు వినెగర్ పోయండి, సాఫ్టెనర్ కూడా అందులోనే వేసేయండి అని. మూడూ మంచివే, కలిపితేనే చిక్కు.

ఆ మట్టికి ఎరుపునిచ్చేది ఐరన్ ఆక్సైడ్. మన తెలంగాణ, రాయలసీమ ఎర్రనేలల రంగు కూడా దానిదే. ఈ రేణువు నీళ్ళలో పడ్డాక దాని ఉపరితలం మీద హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. నీళ్ళలో ఆమ్లం ఉంటే అవి ప్రోటాన్లను పట్టుకుంటాయి, రేణువుకి ధనావేశం వస్తుంది. క్షారం ఉంటే ప్రోటాన్లను వదిలేస్తాయి, ఋణావేశం వస్తుంది. రెండూ సరిసమానమయ్యే పీహెచ్ ఐరన్ ఆక్సైడ్‌కి సుమారు 8. అల్యూమినాకి 9 దగ్గర, ఇసుకలోని సిలికాకి 2 దగ్గర.

ఇక డిటర్జెంట్‌లోని సర్ఫాక్టెంట్. దానికో తల, ఓ తోక. మామూలు డిటర్జెంట్లలో తలకి ఋణావేశం. తోక నూనె జాతిది, నీళ్ళంటే పడదు.

వినెగర్ పోసి నీళ్ళను పుల్లగా చేశామనుకోండి. ధనావేశమున్న మట్టి రేణువుకి ఈ తలలు వెళ్ళి అతుక్కుంటాయి. దీన్నే అధిశోషణం అంటారు. మొదట ఒక్కొక్కటిగా చేరతాయి. కాస్త సంఖ్య పెరిగాక తోకలు నీళ్ళను తప్పించుకోవడానికి ఒకదాన్నొకటి ఆనుకుని గుంపులు కడతాయి, అక్కడినుంచి అతుక్కోవడం ఒక్కసారిగా జోరందుకుంటుంది. ఖనిజాలను నురగతో వేరుచేసే పద్ధతి మీద పనిచేస్తూ గాడిన్, ఫ్యూర్‌స్టెనౌ 1955లో ఈ గుంపులకి హెమీమిసెల్స్ అని పేరు పెట్టారు. 1966లో కేరళలో పుట్టిన సోమసుందరన్, ఫ్యూర్‌స్టెనౌతో కలిసి అల్యూమినా మీద దీన్ని వివరంగా కొలిచి చూపించారు.

రేణువు ఆవేశం తీరిపోయేసరికి దాని చుట్టూ తోకలు బయటికి తిరిగిన నూనె చొక్కా లాంటిది తయారవుతుంది. అలాంటి రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలై మళ్ళీ బట్ట మీదే కూర్చుంటాయి. ఇంకా సర్ఫాక్టెంట్ పోస్తే తలలు బయటికి పెట్టి రెండో పొర ఏర్పడి ముద్దలు విడిపోతాయి కానీ, అంత పోస్తే మెషీన్ నిండా నురగే!

ఉత్త పౌడర్ వేస్తే కథ వేరు. అందులోని సోడా నీళ్ళ పీహెచ్‌ని 10 దాకా తీసుకెళ్తుంది. మట్టికీ ఋణావేశమే, నూలు బట్టకీ ఋణావేశమే. రెండూ వికర్షించుకుంటాయి, మట్టి వదులుతుంది. ఓ కప్పు వినెగర్‌లో సుమారు 12 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. ఆ సోడాని మింగేయడానికి అది చాలు. సాఫ్టెనర్ తలకేమో ధనావేశం. డిటర్జెంట్‌తో కలిస్తే రెండూ జతకట్టి జిడ్డుగా మిగులుతాయి. అందుకే మెషీన్ దాన్ని చివరి రిన్స్‌లో వదులుతుంది.

కాబట్టి మట్టిని ఆరనిచ్చి, బ్రష్‌తో దులిపి, పౌడర్ కలిపిన నీళ్ళలో నానబెట్టి ఉతకండి. మరక పోయిందని చూసుకున్నాకే డ్రయర్‌లో వేయండి. పసుపుపచ్చ ఛాయ మిగిలితే ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న తుప్పు రిమూవర్ విడిగా వాడొచ్చు. అది విషం, గ్లోవ్స్ వేసుకోండి, పిల్లలకి అందనీయకండి. క్లోరిన్ బ్లీచ్ జోలికి మాత్రం వెళ్ళకండి. అది ఐరన్ ఆక్సైడ్‌ని కరిగించలేదు, పైగా వినెగర్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపులు మూసిన లాండ్రీ గదిలో ఊపిరితిత్తులకి అది చాలా ప్రమాదం.