పురుషోత్తమ చౌదరి కీర్తనలు: పఠనం - భక్తి సమన్వయం

శ్రీకూర్మం వంటి వైష్ణవ క్షేత్రాలున్న కళింగాంధ్రలో గ్రంథపఠనానికీ క్రైస్తవ భక్తికీ పొంతన కుదిరిన తీరును పురుషోత్తమ చౌదరి (1803-1890) జీవితం వివరిస్తుంది. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి సంప్రదాయ విద్య నేర్చిన ఆయన, క్రైస్తవ కరపత్రాలు చదివి ఆ మతం వైపు ఆకర్షితులయ్యారు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు.

మతం మారినా పఠనసంస్కారం మారలేదు. పూర్వవిద్య ఇచ్చిన పదసంపద, రాగతాళ పరిజ్ఞానం కీర్తనరచనకు ఆధారమయ్యాయి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనంలో ఆయన రచనలు రాగతాళ సూచనలతోనే కనిపిస్తాయి. అయితే ఆ పాండిత్యం ప్రదర్శనకు పరిమితం కాలేదు. అక్షరం రాని విశ్వాసి సైతం విని, నేర్చి, పాడుకోగల పల్లవి చరణాల రూపం ధరించింది. చదువును త్యజించడం కాక, దానిని చదవలేనివారికి అందించడమే ఈ సమన్వయంలోని కీలకాంశం. కనుక ఈ కీర్తనలను మతసాహిత్యంగానే కాక, తెలుగు పఠనచరిత్రకు ఆధారాలుగానూ పరిశీలించవలసి ఉంది.