కోళ్ల ఫారమునకు గేటే కాపలా

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల గుడ్ల కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినప్పుడు, మన కోదాడ దగ్గర రామాపురం అడ్డరోడ్డు వద్ద అక్కడి కోళ్ల లారీలను ఆపి వెనుకకు పంపిరి. కాని వ్యాధి లారీలలోని కోళ్లతోనే రాదు. చెప్పులకు అంటిన రెట్టతోను, గుడ్ల ట్రేలతోను వచ్చును. దానిని ఆపవలసినది మీ ఫారము గేటే.

చిలుకూరు రైతు సోదరులారా! గుడ్ల లారీని గేటు బయటనే నిలుపవలెను. వాడిన అట్ట ట్రేలను తిరిగి తీసికొనరాదు. ప్లాస్టిక్ ట్రేలను ముందు శుభ్రముగా కడిగి, పిదప మందునీటిలో ముంచవలెను. మురికిమీద మందు పనిచేయదు. షెడ్డులో వాడుటకు వేరే చెప్పులు ఉంచవలెను. రోజూ పిల్లలను ముందు, పెద్ద కోళ్లను తరువాత చూడవలెను. కాకులు, కొంగలు మేతను ముట్టకుండ వల కట్టవలెను.

కోళ్లు ఉన్నట్టుండి ఎక్కువగా చచ్చుచున్నచో, మిగిలినవాటిని గుట్టుగా అమ్మరాదు. వెంటనే పశువైద్యునికి తెలుపవలెను. వ్యాధి రుజువైనచో చుట్టు 1 కిలోమీటరులోని కోళ్లన్నిటిని చంపవలసి వచ్చును. అట్లు చంపిన కోళ్లకు ప్రభుత్వ పరిహారము గలదు; అంతకు ముందే చచ్చినవాటికి లేదు. దాచినందువలన మీకును నష్టమే, పొరుగువారికిని నష్టమే.