మీకు తెలుసా? టైరు మీద ఉండే ఆ రెండో అంకె

మారుతి 800 టైరు మీద 70 అని ఉండేది. ఇవాళ్టి హ్యుందయ్ క్రెటా ఖరీదైన వేరియంట్ టైరు మీద 60 అని ఉంటుంది. అయినా సరే, క్రెటా టైరు సైడ్‌వాలే (రిమ్ముకీ నేలకీ మధ్య ఉండే రబ్బరు గోడే) ఎత్తు. ఎలాగో తెలుసా?

ఆ అంకె ఎత్తు కాదు, శాతం. 145/70 ఆర్12 అంటే టైరు వెడల్పు 145 మిల్లీమీటర్లు, అందులో 70 శాతం సైడ్‌వాల్, లోపల చక్రం 12 అంగుళాలు. లెక్క కడితే సైడ్‌వాల్ 101 మి.మీ. చిల్లర. క్రెటాది 215/60 ఆర్17. 215లో 60 శాతం అంటే 129. మహీంద్రా బొలెరోకి ఉండే 215/75 ఆర్15 అయితే 161. థార్‌కి వచ్చే 245/75 ఆర్16 అయితే 183 దాటుతుంది. కాబట్టి షోరూములో ‘ఇది 60 సిరీసండీ, అది 65 సిరీసండీ’ అంటే విని ఊరుకోకండి. ముందున్న అంకెతో గుణించి చూసుకోండి. ఫోనులో క్యాలిక్యులేటర్ ఎలాగూ ఉంది.

కోనసీమ కెర్బ్ వేరు

సైడ్‌వాల్ ఎత్తు ఎందుకు చూసుకోవాలంటే, గట్టి అంచుల నుంచి రిమ్ముని కాపాడేది అదే గనక. చక్రాన్ని కొరికేది ఫుట్‌పాత్ అంచే, అంటే కెర్బే, అనుకుంటాం. అమలాపురం గడియార స్తంభం సెంటరు, రాజోలు, కొత్తపేట బజార్లు దాటితే అసలు ఫుట్‌పాత్‌లు ఎక్కడున్నాయి గనక! మన ఊళ్ల దగ్గర ఆ పని చేసేది సిమెంటు రోడ్డు అంచు. సీసీ రోడ్లు వచ్చాయి, సంతోషమే. కానీ కాటన్ దొర కాలం నుంచి మన దారులు చాలావరకు కాలువ గట్ల వెంటే నడుస్తున్నాయి. అంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు నేల. నాలుగు వానలు పడితే రోడ్డు పక్కన పోసిన మట్టి కుంగి, కోసుకుపోతుంది. సిమెంటు పలక అంచు మాత్రం వాడిగా పైకి తేలి ఉండిపోతుంది.

ఎదురుగా కొబ్బరికాయల లోడు లారీ వచ్చిందనుకోండి, ఎడమ చక్రాలు కిందికి దించక తప్పదు. దించేటప్పుడు పెద్దగా ఏమీ కాదు. లారీ దాటాక బండి ఆపకుండా, స్టీరింగు కొంచెమే తిప్పి, ఏటవాలుగా మళ్లీ పైకి ఎక్కించబోతాం చూడండి, అక్కడ ఉంది సంగతి. ఎక్కడానికి ముందు టైరు ఆ అంచుని రాసుకుంటూ కొంత దూరం పోతుంది. దాని వెనకే రిమ్ము అంచు.

ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. ఫుట్‌పాత్ పక్కన బండి పెట్టేటప్పుడు దెబ్బ చక్రానికి బయటివైపు తగులుతుంది, ఇంటికెళ్లేసరికి ఇంట్లోవాళ్లకి కూడా కనిపిస్తుంది. రోడ్డు అంచు ఎక్కేటప్పుడు రాసుకునేది ఎడమ చక్రాల లోపలివైపు. బయట నిలబడి చూస్తే అలాయ్ తళతళ మెరుస్తూనే ఉంటుంది. బండిని లిఫ్టు మీదికి ఎక్కించాకే టైరు షాపు కుర్రాడు లోపలికి చెయ్యి పోనిచ్చి, వేళ్లతో తడిమి, ‘ఇదిగోనండి, ఇక్కడ చూడండి’ అంటాడు. రబ్బరు మీద అరచేతిలో సగం మేర ఉబ్బు.

‘గాలి పోవట్లేదు కదయ్యా, ఇప్పుడే ఎందుకు మార్చడం?’

‘గాలి పోదండి. పోయేటప్పుడు ఒక్కసారే పోద్దండి, ఆయ్.’

అతను చెప్పింది అక్షరాలా నిజం. టైరు సైడ్‌వాల్‌లో రబ్బరు వెనక సన్నటి దారాల పొర ఉంటుంది, కారు టైర్లలో ఎక్కువగా పాలియెస్టర్. బరువు మోసేది లోపలి గాలి, ఆ గాలిని ఒడిసిపట్టేది ఈ దారాలు. గట్టి అంచుకీ రిమ్ముకీ మధ్య సైడ్‌వాల్ నలిగినప్పుడు దారాలు తెగుతాయి, రబ్బరు సాగుతుంది. ఆ చోట గాలిని ఆపడానికి రబ్బరు తప్ప ఇంకేమీ మిగలదు. దీనికి ప్యాచ్ లేదు, ప్లగ్ లేదు. మార్చడం ఒక్కటే. దెబ్బ తగలడం తయారీ లోపం కాదు గనక మామూలు వారంటీ కిందికీ రాదు.

అయితే అనవసరంగా కంగారు పడకండి. సైడ్‌వాల్ మీద లోపలికి నొక్కినట్టుగా, కేంద్రం నుంచి అంచు వైపు సాగే సన్నటి చాళ్లు కొన్ని టైర్లకి కొత్తలోనే ఉంటాయి. దారాల పొర రెండు కొసలు ఒకదానిమీద ఒకటి అతికిన చోటు అది. అక్కడ బలం ఎక్కువే గాని తక్కువ కాదు. లోపలికి నొక్కుంటే పరవాలేదు, బయటికి ఉబ్బితేనే ప్రమాదం.

12 మిల్లీమీటర్ల బేరం

ఒకే బండికి రెండు సైజుల చక్రాలు ఎందుకు ఇస్తారో, వాటిలో ఏది మనకి పనికొస్తుందో చూడటానికి మహీంద్రా ఎక్స్‌యూవీ700 మంచి ఉదాహరణ. కింది వేరియంట్లకి 235/65 ఆర్17, పై వేరియంట్‌కి 235/60 ఆర్18. టైరు మొత్తం వ్యాసం మొదటిదానికి 737 మి.మీ., రెండోదానికి 739. అంటే తేడా లేనట్టే. సైడ్‌వాల్ మాత్రం ఒకదానికి 153 మి.మీ. దగ్గర, ఇంకోదానికి 141. డబ్బు ఎక్కువ పెట్టినవాడికి లోహం ఎక్కువ, రబ్బరు 12 మి.మీ. తక్కువ!

ఈ 12 మి.మీ.తో ఏమొస్తుందంటారా? పేపరు మీద లెక్క అంతా నేలమీద నిలవదు. టైరులో కొంత భాగం, సుమారు 17 మి.మీ., రిమ్ము పెదవి చాటున దాగిపోతుంది. బండి బరువుకి అడుగున ఇంకో రెండు, రెండున్నర సెంటీమీటర్లు నొక్కుకుపోతుంది. ఇవి తీసేస్తే 17 అంగుళాల చక్రం పెదవి నేలకి దాదాపు 110 మి.మీ. పైన, 18 అంగుళాలది 100 మి.మీ. దగ్గర నిలుస్తాయి. మన దేశంలో రోడ్ల ఇంజినీర్లు వాడే కొలతల్లో బండి ఎక్కగలిగే పొట్టి కెర్బ్ ఎత్తు 100 మి.మీ. అంటే ఒక చక్రం పెదవి ఆ రాయి పైనుంచి తప్పించుకుంటుంది, ఇంకోటి సరిగ్గా రాయి కొసకే వస్తుంది.

అలాగని ఎత్తు సైడ్‌వాల్ ఉంటే ఇక భయం లేదనుకోకండి. మధ్యరకం కెర్బ్ ఎత్తు 150, అడ్డుగోడలా కట్టేది 200. వాటిముందు 17 అయినా 18 అయినా ఒకటే. అక్కడ రిమ్ముని కాపాడేది టైరు ఎత్తు కాదు, టైరు పొట్ట. నేలకి ఆనిన చోట సైడ్‌వాల్ పక్కకి ఉబ్బి రిమ్ము పెదవి కంటే బయటికి వస్తుంది. రాయికి ముందు అదే తగులుతుంది. సోకు కోసం వెడల్పు రిమ్ముకి సన్నటి టైరు లాగి బిగించిన బండ్లు కనిపిస్తుంటాయి. వాటికి ఆ పొట్ట ఉండదు, రాయికి ముందు తగిలేది రిమ్మే. కొన్ని కంపెనీలు సైడ్‌వాల్ మీద, రిమ్ముకి ఆనుకుని, చుట్టూ ఒక రబ్బరు గట్టు పోస్తాయి. రిమ్ గార్డ్ అని అడిగితే షాపువాళ్లు చూపిస్తారు. ఒకే ధరలో అది ఉన్న టైరూ లేని టైరూ దొరికితే కళ్లు మూసుకుని ఉన్నదే తీసుకోవచ్చు.

మరీ ఎత్తు పెంచితే?

ఇది వినగానే ఉన్న రిమ్ముకే ఇంకా లావు టైరు వేయించాలనిపిస్తుంది. క్రెటా 17 అంగుళాల రిమ్ముకి 215/60 తీసేసి 215/65 వేస్తే సైడ్‌వాల్ 129 నుంచి దాదాపు 140కి పెరుగుతుంది. బాగానే ఉంది. కానీ చక్రం మొత్తం వ్యాసం 3 శాతం పైగా పెరుగుతుంది. స్పీడోమీటరు 97 చూపిస్తుంటే బండి నిజంగా 100లో వెళుతుంటుంది. పూర్తిగా స్టీరింగు తిప్పినప్పుడో, నలుగురు కూర్చుని గోతిలో పడినప్పుడో టైరు మడ్‌గార్డు లోపల రాసుకోవచ్చు. అసలు సైజుకి 3 శాతం లోపే ఉండాలన్నది టైరు షాపుల్లో పాటించే లెక్క.

దీనికంటే తెలివైన దారి రిమ్ముని చిన్నది చేయడం. అదే క్రెటా కింది వేరియంట్లకి కంపెనీయే 205/65 ఆర్16 ఇస్తుంది, సైడ్‌వాల్ 133. అంటే 16 అంగుళాల చక్రం ఆ మోడల్‌కి కొత్త కాదు. 215/65 ఆర్16 అయితే సైడ్‌వాల్ 140కి దగ్గర, మొత్తం వ్యాసం 686 మి.మీ., పెద్ద వేరియంట్ 690కి ఒక శాతం లోపే తేడా. ఏ సైజు వేసినా టైరు మీద చివర ఉండే లోడు అంకె కంపెనీ ఇచ్చినదానికి తగ్గకూడదు. 96 అని ఉంటే ఆ టైరు మోసేది 710 కిలోలు. రిమ్ము చిన్నది చేసేముందు లోపల బ్రేకు క్యాలిపర్‌కి తగలకుండా తిరుగుతుందా అన్నదీ బిగించి చూడాలి.

ఎత్తు సైడ్‌వాల్‌కి ఒక లోటు లేకపోలేదు. వేగంగా మలుపు తిరిగేటప్పుడు టైరు కాస్త ఒరుగుతుంది, స్టీరింగు చెప్పిన మాట ఒక్క క్షణం ఆలస్యంగా వింటుంది. రావులపాలెంలో 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి విశాఖో విజయవాడో వెళ్లేవాళ్లకి అది తెలుస్తుంది. కొత్తపేట నుంచి అమలాపురం రావడానికి, బోడసకుర్రు వంతెన దాటి రాజోలు పోవడానికి ఆ క్షణం లెక్కలోకి రాదు. మన రోడ్ల మీద ఎవరం 120లో మలుపులు తిరుగుతున్నాం!

గాలి, ఉప్పుగాలి

ఎత్తు సైడ్‌వాల్ కొనుక్కుని గాలి తక్కువ పెట్టుకుంటే కొన్న ఎత్తు పోయినట్టే. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీదో తలుపు అంచునో ఉండే స్టిక్కరు మీద ఎంత పెట్టాలో రాసి ఉంటుంది. ట్యూబ్‌లెస్ రేడియల్ టైరు 33 పీఎస్ఐ ఉండాల్సిన చోట 24 ఉన్నా కంటికి బాగానే కనిపిస్తుంది, కాలితో తన్ని చూస్తే తెలిసే కాలం పోయింది. అలా మెత్తబడ్డ టైరు రోడ్డు అంచుని కొట్టుకుంటే రిమ్ముదాకా నలగడం ఖాయం. చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే, గేజీ పెట్టి చూడాలి.

రిమ్ము మీద గీత పడితే పోనీలే అందం పోయింది అనుకుంటాం. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లు అలా వదిలేయకూడదు. అలాయ్ అంటే అల్యూమినియమే. పైన రంగు, దానిమీద పారదర్శకంగా వార్నిష్ లాంటి పొర. ఆ పొర లేచిన చోట ఉప్పుగాలి తగిలి, లోపలికి పాకుతూ తెల్లటి పొక్కులు వస్తాయి. అది టైరు కూర్చునే అంచుదాకా పోతే అక్కడినుంచి గాలి నెమ్మదిగా దిగుతుంది. పంక్చరు కాలేదు, మేకూ లేదు, వారం వారం గాలి మాత్రం తగ్గుతోంది అంటే కారణం ఇదీ కావచ్చు. గీత చిన్నగా ఉన్నప్పుడే సాన పట్టించి పూత వేయిస్తే సరి. ఇనుప చక్రానికి ఈ గొడవ వేరు. గట్టి దెబ్బ తగిలితే సాధారణంగా వంగుతుంది, అదే దెబ్బకి అలాయ్ పగలవచ్చు. వంగిన ఇనుముని తిన్నగా చేసేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు.

స్టెప్నీ సంగతి కూడా చూసుకోండి. చాలా ఎస్‌యూవీలకి నాలుగు చక్రాలూ పెద్ద అలాయ్‌లు ఇచ్చి, డిక్కీలో మాత్రం చిన్నదో సన్నదో ఇనుప చక్రం పెడుతున్నారు. 80 కిలోమీటర్ల వేగం దాటవద్దని దానిమీద స్టిక్కరు ఉంటే, అది పంక్చరు షాపుదాకా వెళ్లడానికే.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చే బండ్లలో ఎక్కువ పెద్ద చక్రాలవే. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లే దారిలో చోటు దొరక్క గట్టు మీదికీ, కల్వర్టు పక్కకీ ఎక్కించి పెడతారు. ఒక చక్రం సగం అంచు మీద, సగం గాలిలో ఉండేలా పెట్టకండి. అలా గంటలకొద్దీ ఉంటే బరువంతా సైడ్‌వాల్‌లో ఒకే చోట పడుతుంది. రోడ్డు దిగి మళ్లీ ఎక్కాల్సి వస్తే బండి దాదాపు ఆపి, అంచుకి వీలైనంత ఎదురుగా చక్రం తిప్పి, మెల్లగా ఎక్కించండి. వెనక హారను కొట్టేవాళ్లని కొట్టనివ్వండి.

కొత్త బండి కొనేవాళ్లకి ఒక్క మాట. సన్‌రూఫ్ కోసమో, పెద్ద స్క్రీను కోసమో పై వేరియంట్ కావాలంటే తీసుకోండి. కానీ అదే మోడల్‌లో ఒక అంగుళం చిన్న చక్రం ఉంటే, బుక్ చేసేముందే మార్చి ఇస్తారేమో డీలరును అడగండి. కోనసీమ రోడ్లకి ఆ చిన్న చక్రమే సరైనది.