మీకు తెలుసా? బేగంపేటలో ఒక తుప్పు కథ

బేగంపేట విమానాశ్రయం దగ్గరి పాత భవనంలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడ పట్టుకున్నాడని బళ్లోనే చదువుకున్నాం. అప్పుడు వాడిన మైక్రోస్కోపు మరలు తన చెమటకే తుప్పు పట్టాయని, మిగిలిన ఒక్క కంటి అద్దం కూడా పగిలి ఉందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. నాలుగు రోజుల ముందు హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ అది. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చారు. పగిలిన అద్దంలోంచి రాస్‌కు కనిపించింది దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి నలుసులు.

ఆ నలుసు పేరు హీమోజోయిన్. మలేరియా క్రిమి మన ఎర్రరక్తకణంలో దూరి హిమోగ్లోబిన్‌ను తింటుంది. తినగా మిగిలిన హీమ్‌లో ఇనుముంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఆక్సీకరణ మొదలై క్రిమి ప్రాణానికే ముప్పు. అందుకే గట్టి పలుకులుగా కట్టి ఓ పక్కన పడేస్తుంది. మలేరియా మందు క్లోరోక్విన్ చేసేదల్లా ఆ పలుకు కట్టనివ్వకపోవడమే! అంటే ఇక్కడ ఆక్సీకరణ మన పక్షాన పోరాడుతోంది.

మనకేమో ఆక్సీకరణ అంటే తుప్పు, యాంటీఆక్సిడెంట్ అంటే అమృతం. షుగరున్నవాళ్లలో ఈ ఆక్సీకరణ ఒత్తిడి ఎక్కువన్నది నిజమే, అది ఏళ్ల తరబడి సాగితే ఇన్సులిన్ మాట కణాలు సరిగా వినవన్నదీ నిజమే. అయితే ఇన్సులిన్ తాకగానే కణం తనంతట తాను కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేసుకుంటుంది. పుండ్లు కడిగే ద్రవంలో ఉండేదే అది. ఇన్సులిన్ కబురును ఆపేసే ఎంజైము ఒకటుంది. ఈ పెరాక్సైడ్ దాని నోరు కాసేపు నొక్కుతుంది. ఆ కాసేపట్లోనే చక్కెర లోపలికి వెళ్లాలి. పెరాక్సైడ్‌ను విరిచేసే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ ఎక్కువగా ఉండేలా ఎలుకలను పెంచితే, అవి లావెక్కాయి, ఇన్సులిన్‌కు మొండికేశాయి. 2004 నాటి ఫలితమిది.

ఇక మనుషుల సంగతి. 2009లో జర్మనీ పరిశోధకులు యువకులచేత నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. కొందరికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. ఆ సి ఒక్కటే దాదాపు అరకిలో జామకాయల పెట్టు. మాత్రలు వేసుకోనివాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది, వేసుకున్నవాళ్లలో పడలేదు. తర్వాతి అధ్యయనాలన్నీ ఇదే మాట చెప్పలేదు, కాబట్టి దీన్నే వేదవాక్కు అనను. షుగరుకు డాక్టరు రాసిన మందులకూ దీనికీ ముడిపెట్టొద్దు, జామకాయ మానొద్దు. నాకు భయమల్లా చీటీ లేకుండా కొని, పొద్దున నడక ముగించి రాగానే మింగే ఆ మాత్రల గురించే.

ఇంకో సంగతి. ఆ ప్రయోగంలో మాత్రలు వేసుకోనివాళ్ల కండరాలు, వ్యాయామం పెట్టిన ఒత్తిడికే, తమ సొంత యాంటీఆక్సిడెంట్ ఎంజైములను పెంచుకున్నాయి.